నేను దాచిన మొదటి వరుస

బాన్సువాడ గ్రంథాలయంలో కిటికీ పక్క బీరువాలో కంప్యూటర్ పుస్తకాలు ఉంటాయి. వాటన్నిటినీ నేను చదివాను. ఈ సంగతి అడిగినవాళ్లకు చెప్పాను; అడగనివాళ్లకు ఇంకొంచెం వివరంగా చెప్పాను. ఆ పుస్తకాలన్నీ కలిపినా ఒక్క అర నిండవని, వాటిలోనూ సగం టైపు నేర్పేవేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నేను పనిచేసేది ఊరి చివరి ధర్మకాంటాలో. వడ్ల లారీలు, చెరుకు ట్రాక్టర్లు వచ్చి ఇనుప పలక మీద నిలబడతాయి, కంప్యూటర్ తెర మీద బరువు కనిపిస్తుంది, నేను చీటీ తీసి ఇస్తాను. బండికీ బండికీ మధ్య దొరికిన ఖాళీలోనే చదువుకున్నాను. కాలేజీ మెట్లు ఎక్కకుండా ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నానని నాకు గర్వం. ఆ గర్వానికి ఒకసారి దెబ్బ తగిలింది కూడా. పలక ఖాళీగా ఉన్నా కాంటా కొంత బరువు చూపిస్తోందని ఒక పొద్దంతా తీగలు విప్పాను, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ పెట్టాను, మెకానిక్‌కు ఫోన్ చేసి అతను ఎన్నడూ వినని మాటలతో అతన్ని భయపెట్టాను. చివరికి ఎవరో లారీ డ్రైవర్ విసుగొచ్చి హారన్ కొట్టాడు. పలక అవతలి అంచున నీడలో పడుకున్న కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, దిగి వెళ్లిపోయింది. తెర మీద సున్నా పడింది.

ఆ రోజే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మా గ్రంథాలయాన్ని చూసుకునే మేడంకు ఏ పుస్తకం ఏ బీరువాలో ఎన్నో అరలో ఉందో నోటికే తెలుసు. ఆమె ఉన్నన్నాళ్లూ బీరువాలకు పగటిపూట తాళం పడలేదు. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోవచ్చు, తిరగేయొచ్చు, నచ్చకపోతే అక్కడే పెట్టేయొచ్చు. నేను టైపు పుస్తకం దగ్గర మొదలుపెట్టి ప్రోగ్రాముల దాకా పోయింది తెరిచి ఉన్న ఆ తలుపుల వల్లే. ఎవరినైనా అడిగి తీయించుకోవలసి వస్తే, ఏ పుస్తకం అడగాలో కూడా నాకు తెలిసేది కాదు.

ఆ మేడం పదవీ విరమణ దగ్గరికొచ్చింది. ఆమె చోటికి కొత్తవారెవరూ రావడం లేదు. వేరే మండలంలో గ్రంథాలయం చూస్తున్న ఒక సారుకే ఇది కూడా అప్పగించారు. ఆయన వారానికి రెండు రోజులు వస్తారు, మిగతా రోజులు అటెండరే తలుపులు తీయాలి. ఆయన ఫోన్‌లోనే మేడంతో చెప్పేశారు: "ఏ పుస్తకం ఏడున్నదో చదివెటోళ్లే ఎతుక్కునేటట్టు లిస్టుంటే మంచిదే మేడం. లేకుంటే బీరువాలకు తాళాలేస్త. పోయినవాటికి నేను జవాబు చెప్పలేను." రెండు చోట్ల బాధ్యత మోసే మనిషి అలా అనడంలో తప్పేమీ లేదు.

మేడం దగ్గర ఒక ఉపాయం ఉంది. పెద్ద అట్టముక్కల మీద పుస్తకాల పేర్లు రాసి ఒక్కో బీరువా తలుపుకూ ఒక్కోటి అంటిస్తానంది. ఆమె రాత ముత్యాల్లా ఉంటుంది. నెమ్మదిగా రాసినా చేతిలో ఉన్న నెలల్లో అయిపోయేది.

"గీ కాలంల అట్టముక్కలేంది మేడం? కంప్యూటర్ల పెడ్దాం. పేరు కొడితే బీరువా నంబరు సుత చూపెడ్తది," అన్నాను.

"నీకస్తదా?"

"గా బీరువాల పుస్తకాలన్ని చదివిన మేడం."

ఇలాంటి పనికి ఇంటర్నెట్‌లో ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. ఏ దేశంలోనో ఒకాయన రాసి ఊరికే పెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపలి రాతంతా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పుస్తకాల వివరాలను అది చెప్పిన పద్ధతిలో ఒక ఫైలులోకి ఎక్కించి ఇస్తే, వెతుక్కోవడానికి వీలుగా పేజీలు తయారుచేసి పెడుతుంది. మేడం నా మాట నమ్మింది. అట్టముక్కల ఆలోచన మానేసి, నెలల తరబడి ఒంటి వేలితో ఒక్కో పుస్తకాన్నీ టైపు చేసింది. ప్రోగ్రాం అడిగినట్టే పేరుకూ రచయితకూ మధ్య నిలువు గీత, బీరువాకూ అరకూ మధ్య ఇంకో గీత. ప్రోగ్రాం నడవకపోతే ఆ ఫైలు మనుషులు చదివేలా లేదు. తెర నిండా గీతలే.

మొదట్లోనే పది పుస్తకాలు ఎక్కించి ఒకసారి నడిపి చూడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. పరీక్షలు పుస్తకాలు చదవనివాళ్లకని నా అప్పటి అభిప్రాయం.

ఆమె శనివారం విరమణ పొందుతుందనగా సోమవారం ఉదయం గ్రంథాలయంలోని కంప్యూటర్ ముందు పనికి కూర్చున్నాను. నా డ్యూటీ మధ్యాహ్నం నుంచి, కాబట్టి పూటంతా నాదే. ఆ ప్రోగ్రాంతోపాటు బిల్డ్ స్క్రిప్టు అని ఒక ఫైలు వస్తుంది. మన వివరాలు తీసుకుని పేజీలుగా కట్టి ఇచ్చే ఆజ్ఞలన్నీ వరుసగా అందులో ఉంటాయి. దాన్ని తెరిచి, మన ఫైలు ఎక్కడుందో, గ్రంథాలయం పేరేమిటో రెండు చోట్ల మార్చాలి. మార్చాను. దానికి ముందు ఇంకో పని చేశాను.

మా నాన్న విత్తనాల సంచి మీద పేరు రాసినా పైన శ్రీ పెట్టి రాస్తాడు. మా కాంటాలో రోజూ మొదటి చీటీ పైన శ్రీ రాయకపోతే సేటు ఊరుకోడు. నాకూ చెయ్యి అలాగే అలవాటైంది. స్క్రిప్టు మొదటి వరుసకు పైన కొత్త వరుస తెరిచి శ్రీ అని కొట్టాను. నేనేమీ తెలివితక్కువవాణ్ని కాను కదా, దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టాను. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుస మనుషులు తమ కోసం రాసుకున్న మాట. కంప్యూటర్ దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. ఇది మా బీరువా పుస్తకంలోనే ఉంది. దేవుడికీ కంప్యూటర్‌కూ ఇద్దరికీ ఇబ్బంది లేని ఏర్పాటు చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

స్క్రిప్టును నడిపాను. ఏ పేజీలూ రాలేదు. మౌస్ బాణం మాయమై, దాని చోట ఒక కూడిక గుర్తు వచ్చి నిలబడింది.

మేడం కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "గా బాణం ఎటువోయింది?"

"ప్లస్సయింది మేడం."

"కూడికలు చేస్తదా ఏంది?"

"పెద్ద పని మీద ఉంటే గట్లనే అయితది," అన్నాను. అలా అవుతుందని నాకూ అప్పుడే తెలిసింది.

ఆమె మర్యాదగా ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను. ఇక ఉండబట్టలేక ఒక చోట నొక్కాను. వెంటనే తెర మీద తప్పుల వాన కురిసింది. ఈ ఆజ్ఞ దొరకలేదు, ఆ ఆజ్ఞ దొరకలేదు, ఇక్కడ ఈ బ్రాకెట్ ఎందుకొచ్చింది అని ఒకటే దండకం.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దమనిషి రోజూ బీర్కూర్ బస్సు వచ్చేదాకా పేపర్ చదువుతుంటాడు. ఆయన పేపర్ దించాడు. "ఏం తమ్మీ, నడుస్తలేదా?"

"చిన్న తప్పు కాకా. ఇప్పుడే పడ్తా."

"బోరు మోటరు నడువకుంటే మేం ముందుగాల స్టార్టర్ డబ్బా జూస్తం. నువ్వు సక్కగ బోరులకే దుంకినవ్ గదా?"

"గిది మోటరు కాదు కాకా, సాఫ్ట్‌వేర్."

"నడువకుంటే రెండు ఒక్కటే," అని ఆయన మళ్లీ పేపర్ ఎత్తుకున్నాడు.

రెండు రోజులు నేను చేయని పని లేదు. ప్రోగ్రాంకు తోడు కావలసినవన్నీ తీసేసి మళ్లీ ఎక్కించాను. కంప్యూటర్ గడియారం సరిచూశాను. మేడం కొట్టిన ఫైలులో నిలువు గీతలు తప్పాయేమోనని ఆమెనే అనుమానించి, ఆమె చేతనే అన్నీ మళ్లీ చూపించాను. ఆమె ఒక్క గీత కూడా తప్పలేదు. అసలు స్క్రిప్టునే ఇంటర్నెట్ నుంచి మూడుసార్లు కొత్తగా దించుకున్నాను. దించుకున్న ప్రతిసారీ పైన శ్రీ రాశాను. మూడోసారి పని మొండికేసింది కదా అని మరింత భక్తిగా రాశాను.

ఇలాంటి ప్రోగ్రాములకు ఫిర్యాదులు రాసే పేజీ ఒకటి ఉంటుంది. మంగళవారం అక్కడ ఒక ఫిర్యాదు పెట్టాను. ఫిర్యాదంటే నాలుగు ముక్కలు కాదు. నేను స్వయంగా చదువుకున్నవాణ్నని మొదలుపెట్టి, చిన్న ఊళ్ల గ్రంథాలయాల గొప్పతనం మీదుగా, కూడిక గుర్తు దాకా వచ్చేసరికి తెర రెండుసార్లు కిందికి జరిగింది. మీ స్క్రిప్టులో లోపం ఉందని గట్టిగానే రాశాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా అందులో పెట్టాను. మళ్లీ అవకాశం వస్తుందో రాదో అని.

మర్నాడు ఆ ప్రోగ్రాం రాసినాయన నుంచి ఒక్క వాక్యం వచ్చింది. మీ స్క్రిప్టులో మొదటి ఐదు వరుసలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి అని.

ఇక్కడ నేను చేసిన పని ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతాయి. వరుసలన్నీ తీసి అక్కడ పెట్టబోతుంటే పైన శ్రీ కనిపించింది. ఎక్కడెక్కడి వాళ్లో చూసే చోట అదేం బాగుంటుంది? ఇంత చదివినవాడు కంప్యూటర్‌కు కూడా శ్రీకారం చుట్టాడా అనుకోరూ? ఎలాగూ కంప్యూటర్ చదవని వరుసే. దాన్ని తీసేసి మిగతావి పంపాను.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నా దగ్గర నడుస్తోంది అని ఆయన రాశాడు. దాని కిందే ఇంకో ప్రశ్న: "మీరు చెప్పనిది ఏమైనా మిగిలి ఉందా?"

నాకు చాలా కోపం వచ్చింది. నన్ను అబద్ధాలకోరు అంటున్నాడా అని మేడంతో అన్నాను. ఆమె గురువారం వచ్చేటప్పుడు చంకలో అట్టముక్కలు పెట్టుకుని వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని స్కెచ్ పెన్నుతో మొదటి బీరువా పేర్లు రాయడం మొదలుపెట్టింది.

"మేడం, నేను చేస్తున్న గదా?"

"చెయ్యి బిడ్డా. నేను ఖాళీగున్న, రాసుకుంట. ఎన్నైతే అన్ని. రెండు బీరువాలన్న తెరిసుంటయి."

ఆ మాటలో నిష్ఠూరం ఉంటే బాగుండేది. లేదు. ఆ పూటకు ఒక బీరువా కూడా పూర్తి కాలేదు. ఆమె వేళ్లు నొక్కుకుంటూ రాస్తుంటే నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను, పని చేస్తున్నవాడిలా.

శుక్రవారం ఉదయం ఆమె పెన్ను మూత పెట్టింది. "పుస్తకాల లెక్క కలువకుంటే మేమేం చేస్తమో ఎరుకనా? ఒకలు రిజిస్టర్ చదువుతరు, ఒకలు టిక్కు వెడ్తరు. తెలివితోని పని లేదు. నీది జిరాక్స్ తీపిచ్చుకరా."

నా స్క్రిప్టు అచ్చు తీయించుకుని వచ్చాను. ఇంటర్నెట్‌లోని అసలు స్క్రిప్టును తెర మీద తెరిచాను. నేను అసలుది చదవాలి, ఆమె కాగితం మీద టిక్కు పెట్టాలి. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఆమెకు తెలుసు. అవేం చెబుతున్నాయో తెలియదు, తెలియనక్కర లేదంది.

"మొదటిది హ్యాష్, తర్వాత ఆశ్చర్యార్థకం గుర్తు..." అని చదివాను.

"ఆగు. నా కాగితంల ముందుగాల శ్రీ ఉన్నది. నీ దాంట్ల ఉందా?"

"లేదు మేడం. అది నేను రాసిన. అది లెక్కలకు రాదు."

"కాగితం మీదున్నదంటే లెక్కలకు వచ్చినట్టే."

"కాదు మేడం, ముందు హ్యాష్ ఉంటే కంప్యూటర్ దాన్ని చూడదు..." అని హ్యాష్ గుర్తు గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపికగా విని, శ్రీ చుట్టూ సున్నా చుట్టి, "ఊఁ, చదువు," అంది.

చివరి వరుస దాకా చదివాను. నేను మార్చిన రెండు చోట్లు తప్ప అన్నిటికీ టిక్కులు పడ్డాయి. ఆమె కాగితం నా ముందు పెట్టింది. "ఒక్కటే ఎక్కువున్నది."

బీర్కూర్ పెద్దమనిషి పేపర్ వెనక నుంచి, "స్టార్టర్," అన్నాడు.

ఇద్దరికీ ఒకేసారి నేర్పాలని లేచి వెళ్లి, బీరువాలోంచి ఆ పుస్తకం తెచ్చాను. హ్యాష్ గురించి రాసిన పేజీ తీశాను. "చూడుండ్రి మేడం, గిక్కడ..." అని వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాను. హ్యాష్‌తో మొదలయ్యే వరుసను కంప్యూటర్ దాటిపోతుందని ఉంది. నేను అక్కడే ఆపేసేవాణ్ని. కానీ ఆమె, "దాని కిందిది సుత చదువు," అంది.

కింద ఇంకో వాక్యం ఉంది. దీనికి ఒక్కటే మినహాయింపు: హ్యాష్, దాని వెంటనే ఆశ్చర్యార్థకం ఉన్న వరుస ఫైలులో అన్నిటికన్నా మొదట ఉంటే, మిగతాదంతా ఏ భాషలో చదవాలో కంప్యూటర్‌కు చెప్పేది అదే. దానికి పైన ఏమీ ఉండకూడదు.

అంటే నా శ్రీ వల్ల ఆ వరుస రెండోదైపోయింది. రెండోదైతే అది మామూలు హ్యాష్ వరుసే, దాటిపోవలసినదే. ఏ భాషో చెప్పేవాడు లేక, కంప్యూటర్ ఆ స్క్రిప్టునంతా తనకు అలవాటైన భాషలో చదువుకుంటూ పోయింది. పిట్లం దాటి సరిహద్దు వైపు వెళ్తే మరాఠీ బోర్డులు కనిపిస్తాయి. హిందీ వచ్చినవాడికి అక్షరాలన్నీ తెలిసినవే అనిపిస్తాయి, చదివితే మాత్రం తలా తోకా కుదరదు. నా కంప్యూటర్ చేసింది అదే. పనిముట్లు తెచ్చుకోమన్న మొదటి ఆజ్ఞను, ఆ మాటకు తన భాషలో వేరే అర్థం ఉండడంతో, తెరకు ఫోటో తీయమన్నట్టు అర్థం చేసుకుని, ఎక్కడ తీయాలో చూపించమని ఆ కూడిక గుర్తు పట్టుకుని పాపం నిలబడింది.

ఇంతవరకూ పరవాలేదు. తెలియక చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక టిక్కు, దాని పక్కన "సులభం" అని రాసి ఉంది. రాత నాది.

మేడం కళ్లద్దాలు సర్దుకుని ఆ పేజీని దగ్గరగా చూసింది. తర్వాత నా మొహం చూసింది. "ఎన్నేండ్ల నుంచో అనుకుంటున్న, గీ సులభం అనెటోడు ఎవడా అని. వ్యవసాయం బీరువాల సుత రాసినవ్. హోమియోపతి సుత సులభమేనా?"

పెద్దమనిషి పేపర్ మడిచి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు ఇక ఆయనకు పేపర్‌తో పని లేకపోయింది.

నేను తలెత్తకుండా స్క్రిప్టు తెరిచి శ్రీ ఉన్న వరుసను తీసేయబోయాను.

"తీసెయ్యకు. మొదలువెట్టినంక శ్రీ తీస్తరా ఎవరన్న? కిందికి జరుపు," అంది మేడం.

రెండో వరుసకు జరిపాను. నడిపాను. బాణం బాణంగానే ఉంది. కాసేపు ఏమీ కాలేదు. ఆ కాసేపూ నేను దేని గురించీ వివరించలేదు. తర్వాత పేజీ తెరుచుకుంది. పైన మా గ్రంథాలయం పేరు, కింద వెతకడానికి ఒక గడి, ఆ కింద ఆమె ఒంటి వేలితో కొట్టిన పేర్లన్నీ గీతలు లేకుండా, వరుసగా. మేడం కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"కాకా, మీరు రాండ్రి. మీకేం కావాల్నో కొట్టుండ్రి," అని పెద్దమనిషిని పిలిచింది. ఆయన చాలాసేపు అక్షరాలు వెతుక్కుని మోటరు అని కొట్టాడు. పంపుసెట్ల మరమ్మతు పుస్తకం ఒకటి వచ్చింది, బీరువా నంబరు, అర నంబరుతో సహా. ఆయన ఎవరినీ అడగకుండా లేచి వెళ్లి, తలుపు తీసి, ఆ పుస్తకం పట్టుకొచ్చాడు. మొదటి పేజీ తిప్పి నా వైపు చూపించాడు.

"గిది గూడ సులభమేనట తమ్మీ."

ఆ మధ్యాహ్నం కాంటాలో రెండు లారీల మధ్య ఫిర్యాదు పేజీలో నిజం రాశాను. ఈసారి నాలుగు వాక్యాల్లో అయిపోయింది. తప్పు స్క్రిప్టుది కాదు, నాది. మొదటి వరుస నేను దాచాను. మా దగ్గర ఏ రాతకైనా పైన ఒక మంగళకరమైన అక్షరం రాస్తాం. దాన్ని మీకు చూపడానికి సిగ్గుపడ్డాను.

ఆయన నవ్వలేదు, లేదా నవ్వినా రాయలేదు. ధన్యవాదాలు చెప్పి, ఫిర్యాదు మూసేసి, తన ప్రోగ్రాం సూచనల్లో ఒక వాక్యం కొత్తగా చేర్చాడు: "మొదటి వరుసకు పైన ఏమీ రాయకండి. శుభాకాంక్షలకు రెండో వరుస నుంచి చోటుంది." నాకు తెలిసినంతవరకు ప్రపంచ సాఫ్ట్‌వేర్‌కు నేను చేసిన సేవ అదొక్కటే.

శనివారం కొత్త సారు వచ్చారు. కంప్యూటర్ ముందు కూర్చుని తనకు తోచిన పేర్లు కొట్టి చూశారు, ప్రతిసారీ స్వయంగా బీరువా దాకా వెళ్లి సరిచూసుకున్నారు. ఆరేడుసార్లు తిరిగాక, "ఉండనియ్యుండ్రి మేడం, తెరిచే ఉండనియ్యుండ్రి," అన్నారు. మేడం తాళాల గుత్తి ఇస్తే సొరుగులో వేసి మూసేశారు.

శాలువా కప్పడం, మిఠాయిలు పంచడం అయ్యాక మేడం నన్ను పిలిచింది. మెచ్చుకుంటుందనుకుని దగ్గరికి వెళ్లాను. నా చేతిలో కొత్త రబ్బరు పెట్టింది, బడిపిల్లలు చెరుపుకునేది.

"కిటికి పక్క బీరువా కాన్నుంచి మొదలువెట్టు. లెక్క తప్పద్దు."

ఇప్పుడు డ్యూటీకి ముందు రోజూ ఒక గంట అక్కడే నా పని. కంప్యూటర్ పుస్తకాలు అయిపోయాయి, వ్యవసాయంలో ఉన్నాను. ఇన్ని పుస్తకాల్లో ఇన్ని చోట్ల సులభమని రాశానంటే నమ్మలేకపోతున్నాను. ఒక్కోటి చెరిపేముందు దాని పక్కనున్న వాక్యం చదువుతున్నాను. చాలా వాటికి అర్థం ఇప్పుడే తెలుస్తోంది.